ఎడమ చేతికి సరిపోయిన ఎడిటర్

మా మేడంకు పక్షవాతం వచ్చిందని నాకు తెలిసేటప్పటికి రెండు నెలలయింది. మార్కాపురంలో డిగ్రీ చదివేటప్పుడు నాకు ప్రోగ్రాములు రాయడం నేర్పింది ఆమే. ల్యాబులో కంప్యూటర్లు పాతవి, బరువైన సాఫ్ట్‌వేర్ ఏదీ నడిచేది కాదు. అందుకని మా చేత విమ్ అనే ఎడిటర్ వాడించేవారు. దాంట్లో నల్ల తెర మీద అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండవు. మౌసు అక్కర్లేదు, ప్రతి పనీ కీబోర్డుతోనే. మా నాయన పలకల ఫ్యాక్టరీలో కూలికి పోయేవాడు. కాలేజీకి రాకముందు నేను కీబోర్డు ముట్టుకున్నదాన్ని కాదు. మేడం నా వెనక నిలబడి, "చూడకుండా కొట్టు పాపా, అలవాటవుతుంది" అనేవారు.

ఇప్పుడు గిద్దలూరులో ఇంటి నుంచే కంపెనీ పని చేస్తున్నాను. సంగతి తెలిసిన శనివారమే రైలెక్కి, మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి, ఆటోలో వాళ్ళింటికి పోయినాను. మేడం మాట బాగానే ఉంది. కుడి చెయ్యి మాత్రం ఒళ్ళో పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆ మాటా ఈ మాటా అయినాక అసలు సంగతి చెప్పినారు. కాలేజీ టైంటేబుల్ వేసే ప్రోగ్రాం ఆమె రాసిందే. ఈ ఏడు కొత్త కోర్సులు వచ్చినాయి, దాన్ని మార్చాలి.

"నేను మార్చి పంపిస్తాను మేడం, ఎంతసేపు," అన్నాను.

"నువ్వు మారుస్తావని తెలుసు. నేను మార్చాలి," అన్నారు.

వారం రోజులు కూర్చొని, ఏ కీ కొడితే ఏ పని జరగాలో చెప్పే ఎడిటర్ సెట్టింగుల ఫైలు మొత్తం తిరగరాసినాను. కుడి చేతి కింద ఉండే పనులన్నీ ఎడమ పక్క కీలకు మార్చినాను. గొప్ప పని చేసినాననుకున్నాను. మళ్ళీ శనివారం పోయి మేడం ల్యాప్‌టాప్‌లో ఎక్కించినాను. ఆమె ఒక లైను తీసేయడానికి డీ అక్షరం రెండుసార్లు కొట్టినారు. లైను పోలేదు, కర్సర్ కిందికి దిగింది. మళ్ళీ కొట్టినారు, ఇంకా కిందికి పోయింది.

"ఏంది పాపా ఇది," అన్నారు మెల్లగా. "ఇరవై ఏండ్లుగా డీ అంటే తీసేయడమే నాకు. ఒక చెయ్యి పోయింది. ఉన్న చేతికి తెలిసింది కూడా పోగొట్టినావు."

కోపంగా అనలేదు. వాళ్ళాయన తెచ్చిచ్చిన టీ గ్లాసు పట్టుకొని తల వంచుకున్నాను. అసలు ఆమెకు కష్టమేందని నేను అడగనైనా అడగలేదు.

సోమవారం పొద్దున కుడి చెయ్యి చున్నీతో నడుముకు కట్టుకొని ఆఫీసు పని మొదలుపెట్టినాను. మధ్యాహ్నానికి ఎడమ మణికట్టు లాగడం మొదలయింది. కుడి పక్క అక్షరాలు నేననుకున్నంత దూరమేం కాదు, చెయ్యి జరిపితే అందుతాయి. ప్రాణం తీసింది షిఫ్ట్. అది నొక్కిపట్టి, అవే వేళ్ళను సాగదీసి ఇంకో కీ కొట్టాలి. బ్రాకెట్టు, కోలన్, అన్నీ అంతే. వెంటనే ఫోన్ చేసినాను.

"మేడం, కష్టం షిఫ్ట్ దగ్గరేనా?"

"అదే. నీకెట్ల తెలిసింది?"

చెప్పినాను. "ముందు ఆ కట్టు విప్పు, చెయ్యి పట్టేస్తుంది," అన్నారు.

ఆ శనివారం నేను రాసిందంతా తీసేసినాము. ఖాళీ ఫైలు తెరిచి ఆమే రాసినారు, నేను పక్కన కూర్చున్నాను. మొదటి లైను, షిఫ్ట్ లేకుండా సెమికోలన్ ఒక్కటి కొడితే కోలన్ పని జరిగేటట్టు. రెండోది, క్యూ రెండుసార్లు కొడితే రెండు బ్రాకెట్లూ పడి కర్సర్ మధ్యలోకి వచ్చేటట్టు. ఎక్కడన్నా తప్పు పడితే నా చెయ్యి కీబోర్డు మీదికి పోయేది. ఆమె నా వైపు చూసేవారు, నేను వెనక్కి తీసుకునేదాన్ని. ఆ రోజుకు నాలుగు లైన్లయినాయి.

టైంటేబుల్ మార్చడానికి నెల పట్టింది. కాలేజీ తెరిచే ముందే ప్రింటు తీయించి పంపినారు. ఒక సారుకు ఒకే గంటలో రెండు క్లాసులు పడినాయంట, అదీ ఆమే సరిచేసుకున్నారు.

కుడి చెయ్యి అట్లనే ఉంది. వారానికి మూడు రోజులు ల్యాబుకు పోతున్నారు. ఆ ఫైల్లో ఇప్పుడు చాలా లైన్లున్నాయి, కొన్ని నాకు అర్థం కావు. మొన్న ఫోన్లో ఒకదాని గురించి అడిగితే, "అది నీకెందుకులే, రెండు చేతులున్నదానివి," అని నవ్వినారు.