లిఫ్ట్ దాకా సాగనంపిన రోజు

నన్ను ఉద్యోగంలోంచి తీసేశారన్న సంగతి ఇక్కడి మా తెలుగువాళ్ళెవరికీ తెలియలేదు. అమెరికాలో టీవీ నెట్‌వర్క్ పెద్దల్ని తీసేసేటప్పుడు తీసేశామని చెప్పరు. సొంతంగా కార్యక్రమాలు నిర్మించాలన్న చిరకాల కోరిక తీర్చుకోవడానికి వెళ్తున్నారని ఒక ప్రకటన ఇస్తారు. నా గురించీ ఇచ్చారు. నాకలాంటి కోరిక ఉందని అది చదివాకే నాకు తెలిసింది. దాంతోపాటు ఒక రెండేళ్ళ ఒప్పందం, అదే బిల్డింగులో కింది అంతస్తులో కిటికీ లేని గది. ఆ రెండేళ్ళలో నెట్‌వర్క్ నా దగ్గర ఒక్క కార్యక్రమం కొంటే నిలబడతాను. లేకపోతే ఇంటికే.

ఆ వారం న్యూజెర్సీ పిస్కాటవేలో స్నేహితులింటికి, తలా ఒక వంట పట్టుకెళ్ళే పాట్‌లక్‌కి వెళ్తే ఒకావిడ నా ప్లేట్లో గుత్తివంకాయ వేస్తూ, "కంగ్రాట్స్ అండీ! ప్రొడ్యూసర్ అయిపోయారంట కదా. మా చిన్నోడికి యాక్టింగ్ అంటే పిచ్చి. మీరే ఒక చాన్స్ ఇప్పించాలి" అంది. తప్పకుండా అన్నాను. మా ఆయన అటు తిరిగి మంచినీళ్ళు తాగారు.

నా తోటివాళ్ళంతా సాఫ్ట్‌వేర్ వైపు పోతే, నేను స్టాటిస్టిక్స్ చదివి న్యూయార్క్‌లో ఆ నెట్‌వర్క్ రీసెర్చ్ విభాగంలో చేరాను. నిన్న రాత్రి ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూశారో పొద్దున్నే పైవాళ్ళకి చెప్పడం నా పని. అంకెలు పడిపోయిన రోజు ఆ కబురు మోసుకెళ్ళడానికి ఎవరూ ముందుకొచ్చేవారు కాదు, నేను వెళ్ళేదాన్ని. అలా పైవాళ్ళ కంట్లో పడి, ఏ కార్యక్రమం కొనాలో, ఏది ఆపాలో తేల్చే కుర్చీ దాకా వచ్చాను. పొగరూ వచ్చింది, దాచడమెందుకు. పేరున్న రచయితలు నా గది బయట కూర్చుని నీళ్ళ సీసాలు నలుపుతుంటే నాకు బాగానే ఉండేది.

మా వృత్తిలో వద్దు అనే మాట లేదు. ఇవాళ కథ పట్టుకొచ్చినవాడు రేపు ఇంకోచోట పెద్దవాడు కావచ్చు, అందుకని ఎవర్నీ నొప్పించరు. మాకు తెగ నచ్చింది, మాట్లాడుకుని చెప్తాం అంటారు. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చనివాళ్ళు పకోడీలన్నీ తినేసి "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అని లేస్తారే, అచ్చం అదే. నిజంగా కొనాలనుకుంటే వచ్చినవాళ్ళని కదలనివ్వరు. ఖర్చెంత, ఎపిసోడ్లెన్ని అని ప్రాణం తీస్తారు. కొననివాళ్ళని మాత్రం భుజం తట్టి లిఫ్ట్ దాకా సాగనంపుతారు. నా దగ్గర అసిస్టెంట్‌గా చేరిన ఒక అమెరికన్ అమ్మాయికి ఈ విద్య అంతా నేనే నేర్పాను. చురుకైన పిల్ల, ఏదైనా ఒకసారి చెబితే చాలు.

నన్ను దింపాక నా కుర్చీలో ఆ అమ్మాయినే కూర్చోబెట్టారు.

కింది గదిలోంచి నేను పంపిన కథలకి జవాబులు రాలేదు. చివరికి ఒప్పందం ఇంకో నెలలో ముగుస్తుందనగా ఆమె నాకు టైమ్ ఇచ్చింది. న్యూజెర్సీలో ఒక మందుల షాపు, దాన్ని నడుపుకునే మూడు తరాల కుటుంబం, ఇదీ నా కథ. ట్రైన్‌లో పెదాలు కదుపుతూ వల్లె వేసుకుంటుంటే ఎదురుగా కూర్చున్నాయన నేను జపం చేస్తున్నాననుకున్నట్టున్నాడు, ఫోన్ సౌండ్ తగ్గించాడు. నా పాత గదిలో వచ్చినవాళ్ళ సోఫా మీద కూర్చున్నాను. అది అంత పల్లంగా ఉంటుందని అన్నేళ్ళూ నాకు తెలియదు.

ఆమె నవ్వాల్సిన చోటల్లా నవ్వింది. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఖర్చు ఊసే ఎత్తలేదు. "వుయ్ లవ్ ఇట్!" అంటూ లేచి, నా భుజం మీద చెయ్యేసి, లిఫ్ట్ దాకా వచ్చి, తలుపులు మూసుకునేదాకా చెయ్యి ఊపింది.

నేను నమ్మాను.

లిఫ్ట్‌లో నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. నేర్పినదాన్నని మర్చిపోలేదు, ఎంత మర్యాద చేసింది అనుకున్నాను. రోడ్డు మీదికి రాగానే మా ఆయనకి ఫోన్ చేశాను.

"వాళ్ళకి నచ్చిందండీ! లవ్ ఇట్ అంది. లిఫ్ట్ దాకా వచ్చింది తెలుసా, తనే!"

"సరే, ట్రైన్ ఎక్కాక మెసేజ్ పెట్టు. స్టేషన్‌కి వచ్చి పికప్ చేసుకుంటా" అన్నారాయన. ఇన్నేళ్ళూ భోజనాల దగ్గర ఈ లిఫ్ట్ కథలు చెప్పి ఆయన్ని నవ్వించింది నేనే. అయినా ఆయన మాట మార్చడం నా బుర్రకెక్కలేదు. నాకేదైనా మంచి జరిగితే ఈయనెప్పుడూ ఇంతే అని విసుక్కున్నాను.

ఆ తర్వాత స్నానానికి వెళ్ళినా ఫోన్ వెంట తీసుకెళ్ళాను. నా కథలో తాత వేషానికి ఎవరు బాగుంటారో ఆలోచించాను. ఒప్పందం ముగిసే వారం, శనివారం పొద్దున మా అమ్మాయి ఇంటికొచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, బోస్టన్‌లో ఉద్యోగం. నేను దోసెలు పోస్తూ పెనం పక్కనే ఫోన్ పెట్టుకోవడం చూసి స్టవ్ ఆపేసింది.

"అమ్మా, వాళ్ళు కాల్ చెయ్యరు."

"ఎవరే చెప్పింది నీకు?"

"నాన్నకి తెలుసు. నీకు చెప్పడానికి భయం. ఇట్స్ ఎ నో, అమ్మా. ఫస్ట్ డే నుంచే నో."

"టీవీ గురించి నీకేం తెలుసే? ఇంట్లో అంత పెద్ద టీవీ ఉంటే ఒక్కరోజైనా దాని ముందు కూర్చున్నావా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. అది నా మీద కోప్పడలేదు, మాట వెనక్కి తీసుకోలేదు. నా చేతిలో అట్లకాడ తీసి సింకులో పెట్టింది. నా ముఖం మీద నో అన్నవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు, నన్ను తీసేసినవాళ్ళు కూడా అనలేదు. బల్ల దగ్గర కూలబడి ఏడ్చాను.

కాస్త తెరిపిన పడ్డాక, కథ నీకు చెబుతాను వింటావా అని అడిగాను. సరేనంది. మందుల షాపు, తాత, కొడుకు, మనవరాలు, మొదటినుంచీ చెప్పాను. అది ఒకచోట నవ్వింది కూడా. అయిపోయాక, "బాగుంది అమ్మా. రియల్లీ" అంది.

నేను దాని ముఖంలోకి చాలాసేపు చూశాను. నిజంగా అందో, ఏడ్చానని నా కోసం అందో ఎంత చూసినా నాకు తెలియలేదు. కన్నకూతురి మాట నమ్మడానికి నాకు భయమేసింది.