ముప్పయ్యో ఇంటి మాట కోసం మదీనత్ అల్ షమాల్ దాకా

దోహాలో ఎవరడిగినా నాది రాజమండ్రి అని చెబుతాను. మెసైమీర్‌లో నాతో గది పంచుకునే భీమవరం అక్కలిద్దరికీ నాలుగేళ్ళుగా అదే చెబుతున్నాను. నిజానికి మాది ఏజెన్సీలో కొండ మీద ముప్పై ఇళ్ళ ఊరు, తాళ్ళగొంది. మేము కొండరెడ్లం. ఈ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు, మొదటిసారి ఈ కాగితం మీదే రాస్తున్నాను. చెబితే వెనకాలే పది ప్రశ్నలొస్తాయి. అన్నిటికీ జవాబు చెప్పేంత మాట్లాడటం నా వల్ల కాదు.

అందుకే మొన్న శుక్రవారం ఎక్కడికని అక్కలు అడిగితే ఆఫీసు పనని అబద్ధమాడి బయల్దేరాను. అసలు కారణం ముందురోజు సాయంత్రం మా పెదనాన్న చేసిన ఫోను. ఆయన మా ఊరి పెద్దకాపు, అంటే ఊరి పెద్ద. మా కొండకి క్వారీ వాళ్ళొచ్చారు. ఏజెన్సీలో గ్రామసభ ఒప్పుకోనిదే కొండ తవ్వకూడదని చట్టం ఉంది. శనివారం పొద్దున్నే సభ. మా ఊళ్ళో ఏ సంగతికైనా ఇంటికో మాట అడుగుతారు. ఒక ఇంటి మాట ఇంకో ఇల్లు చెప్పకూడదు. ఆ ఇంటి మనిషి దూరాన ఉంటే ఊరి మనిషే వెళ్ళి ఎదురుగా కూర్చుని విని రావాలి.

"ఇరవై తొమ్మిది ఇళ్ళూ వద్దన్నాయి. పండురెడ్డి మాటొక్కటే రాలేదు. మీ ఇద్దరూ ఆ దేశంలోనే ఉన్నారు కదా, ఓసారి వెళ్ళి అడిగి రా" అన్నాడు పెదనాన్న, పక్క వీధికి పంపుతున్నట్టు.

"ఇరవై తొమ్మిది చాలవా పెదనాన్నా?"

"క్వారీ దారి పడేది ఆడి పోడు చేలోంచి. ఆడు సరేనంటే మనమెంతమంది వద్దన్నా దారి వేసేస్తారు. ఆడి మాట తెలియాల. ఇంకోటి, మాట తెచ్చేవాళ్ళు మాట కలపకూడదు. ఒప్పించబాకు, బతిమాలబాకు."

అల్ ఖోర్ వైపు వచ్చేవాళ్ళకి నా సలహా, శుక్రవారం వద్దు. ఏడున్నరకి బస్టాపులో నిలబడితే ఎనిమిదీ ఇరవైకి బస్సొచ్చింది. ఊరి మధ్య బస్టాండులో దిగి అల్ ఖోర్ బస్సెక్కేసరికి తొమ్మిదిన్నర. పక్క సీట్లో జగిత్యాల నుంచి వచ్చిన డ్రైవరు, మల్లన్న అని తనే పేరు చెప్పుకున్నాడు. నా ఫోనులో తెలుగు అక్షరాలు చూసి పలకరించాడు.

"ఏ ఊరు చెల్లె మీది?"

"రాజమండ్రి."

"ఇయ్యాల చుట్టీ పెట్టుకొని ఎటు పోతున్నవ్?"

"మా అన్నయ్యని ఒక మాట అడగాలి."

"గా ఒక్క మాటకు బస్సెక్కినవా? ఫోన్ల అడిగితె అయిపోవు గద."

నేనూ నిన్నటి నుంచి అదే అనుకుంటున్నాను. అయినా అన్న ఫోను రెండు వారాలుగా పలకడం లేదు.

అల్ ఖోర్‌లో దిగి నా దగ్గరున్న అడ్రసు పట్టుకుని పండురెడ్డి అన్న ఉండే కూలీల క్యాంపు వెతికేసరికి పదకొండు. గేటు దగ్గర నేపాలీ వాచ్‌మన్ తల అడ్డంగా ఊపాడు. ఆ కంపెనీ వాళ్ళందరినీ రెండు వారాల కిందటే ఇంకా ఉత్తరాన ఉన్న షమాల్ సైటుకి మార్చారట, అక్కడ సిగ్నల్ అందదట. అన్న ఫోను ఎందుకు పలకడం లేదో అప్పుడు తెలిసింది. ప్రార్థన వేళ కావడంతో కొట్లన్నీ మూసేశారు. సంచిలో ఉన్న రెండు ఖుబూస్ రొట్టెలూ ఒక ఉడికించిన గుడ్డూ ఒక గోడ నీడన నిలబడి తిన్నాను. వెనక్కి వెళ్ళిపోతే ఎవరు అడుగుతారు? పెదనాన్న అడుగుతాడు. ఒంటిగంటకి టాక్సీ దొరికింది. మీటరు తొంభై దాటింది. దారి పొడుగునా అటూ ఇటూ ఖాళీ నేల, మధ్యలో కంచెలు. నా విసుగంతా ఆ కంచెల మీదే చూపించాను.

తెల్లదొరల కాలంలో మా ముఠాకి, అంటే మా కొండ ఊళ్ళన్నిటికీ కలిపి, రాసిచ్చిన సనదు కాగితం మా ఇంట్లో ఉండేదట, నేను పుట్టకముందే చెదలు తినేసింది. అందులోనూ కొండ మీద మీ కట్టడే చెల్లుతుందని రాసి ఉండేదని చెబుతారు. ఇప్పటి చట్టం నేను చదివాను, అదీ బాగానే ఉంది. రాయడంలో ఎవరూ తక్కువ చెయ్యలేదు. రాసినదాన్ని జరిపించుకోవడానికి మాత్రం ప్రతిసారీ మేమే చెప్పులరగదియ్యాలి. ఈసారి ఆ చెప్పులు నావి.

రెండింటికి షమాల్ క్యాంపు. ఆడవాళ్ళకి లోపలికి ప్రవేశం లేదు. గార్డుని బతిమాలి కబురు పంపి, ఎదురుగా ఉన్న చాయ్ కొట్టు బయట బల్ల మీద కూర్చున్నాను. ఇరవై నిమిషాలకి పండురెడ్డి అన్న వచ్చాడు, బట్టలుతుకుతూ వచ్చినట్టున్నాడు, చేతులకింకా నురగ ఉంది. వాళ్ళమ్మ పోయాక ఊళ్ళో ఆయన ఇంటికి తాళమే.

"నువ్వా కుమారీ" అన్నాడు. "నోట్లో మాట లేనిదాన్ని చూసి పంపేడు పెద్దకాపు. తెలివైనోడే."

రెండు కరక్ చాయ్‌లు చెప్పాడు. నేను వచ్చిన పని చెప్పి, ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"క్వారీ ఆళ్ళు నాతో నెల కిందటే మాట్లాడేరు" అన్నాడు చాయ్ అందుకుంటూ. "క్వారీలో లారీ ఇస్తారంట. ఊళ్ళోనే డ్యూటీ. ఇక్కడ ఇనప చువ్వలు పట్టుకుంటే చేతులు కాలిపోతన్నాయి. తాళం తీసి నా ఇంట్లో నేను పడుకోవాలని ఉండదా? చెప్పు."

చెప్పడానికి నాకు బోలెడుంది. ఏటి మాట, దుమ్ము మాట, ఆ పోడు వాళ్ళమ్మ చేతులతో కొట్టిందన్న మాట. జీవితంలో మొదటిసారి నోటిదాకా మాటలు వచ్చిన రోజునే నోరు విప్పకూడదు. చాయ్ గొంతులో పోసుకుని నాలుక కాల్చుకున్నాను.

"సరేనని చెప్పేద్దామనే ఉన్నా" అన్నాడు. తర్వాత, "ఇంతకీ ఆ సభ తీర్మానంలో ఏం రాస్తారంట?"

క్వారీ వాళ్ళు తెచ్చిన తీర్మానం కాగితాన్ని ఊళ్ళో కుర్రాళ్ళు ఫొటో తీసి పంపారు, అది నా ఫోనులో ఉంది. అడిగాడు కాబట్టి చదివాను. ఆఫీసులో నా పని కాగితాలు చూడటమే, ఎక్కువా తక్కువా లేకుండా చదవడం వచ్చు. శనివారం తేదీ వేసి ఉంది. గ్రామస్థులందరూ సమావేశమై, చర్చించి, ఏకగ్రీవంగా అంగీకరించారు అని ఉంది.

"రేపటి సభలో అందరూ ముందే ఒప్పేసుకున్నారా?"

"టైపు చేసి తెచ్చారు. సంతకాలు రేపు పెట్టిస్తారట."

"నా పేరుందా?"

"ఉంది. పదిహేడో నంబరు. నీ పేరు పక్కన మాత్రం వేలిముద్ర అప్పుడే పడి ఉంది."

ఆయన ఫోను తీసుకుని దగ్గరగా పెట్టుకుని చూశాడు. పండురెడ్డి అన్న పదో తరగతి పాసయ్యాడు, సంతకం చేస్తాడు. నురగ ఆరిపోయిన బొటనవేలిని చొక్కాకి తుడుచుకున్నాడు.

"నేనింకా చెప్పనే లేదు కదా" అన్నాడు. "ఇల్లు నాది, చేను నాది, వేలు కూడా నాదే. రెండు రోజులాగితే నేనే సరేననేవాణ్ణి. ఆగలేకపోయేరు." ఫోను తిరిగిచ్చాడు. "మా ఇల్లు ఒప్పుకోలేదని చెప్పు. నన్నడిగిన రోజు మళ్ళీ చెప్తాను. ఇట్టాగే చెప్పు, మార్చబాకు."

లోపలికెళ్ళి పాస్‌పోర్టు తెచ్చి, ఈ దేశానికి వచ్చినట్టు ముద్ర ఉన్న పేజీని నా ఫోనుతో ఫొటో తీయించాడు. సభలో చూపించడానికి. నాలుగు దాటాక దోహా బస్సు దాకా వచ్చి నన్ను ఎక్కించాడు. లారీ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆయన ముఖం చూస్తే సంతోషించడానికి నాకు మనసొప్పలేదు.

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క సీటు దొరికింది, అంతవరకు అదృష్టం. పగలంతా తిరిగి రెండు వాక్యాలు మోసుకెళుతున్నాను. ఈ దేశంలో శుక్రవారాలు ఎంత పొడుగో, మా ఊరి పద్ధతి ఎంత మొండిదో రెండూ ఒకేసారి తెలిశాయి. అయితే ఆ మొండితనం లేకపోతే పదిహేడో నంబరు పక్కనున్న వేలు ఎవరిదని ఎవరూ అడిగి ఉండరు. అది కూడా ఒప్పుకోవాలి.

ఐదున్నరకి, అంటే అక్కడ ఎనిమిదింటికి, పెదనాన్నకి ఫోను చేశాను. సిగ్నల్ కోసం మలుపు దగ్గర బండ మీద కూర్చుని ఉంటాడు. మాటని మూడుసార్లు చెప్పించుకున్నాడు.

"ఏమన్నా కలిపేవా?"

"కాగితం చదవమన్నాడు, చదివాను."

"చదవడం తప్పు కాదు. ముప్పై ఇళ్ళ మాటా అయిపోయింది. ఇక నువ్వు ఇంటికెళ్ళి తిను."

అక్కడితో పెట్టేయవచ్చు. ఇన్నాళ్ళూ అక్కడితో పెట్టేసేదాన్నే. కానీ పొద్దున్నుంచీ మింగినవన్నీ అలాగే ఉన్నాయి. మా ఇంటి మాట నాన్న చెప్పేశాడు, నన్నెవరూ అడగలేదు.

"పెదనాన్నా" అన్నాను, బస్సులో వాళ్ళు వింటున్నా సరే అనుకుని. "చట్టంలో ఇంటికో మాట అని లేదు. పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రతి మనిషికీ ఒక మాట అని ఉంది. ఆడవాళ్ళకి కూడా."

అటువైపు గాలి హోరులో ఆయన బండ మీద సర్దుకుని కూర్చున్న చప్పుడు వినిపించింది.

"అయితే చెప్పమ్మా" అన్నాడు పెదనాన్న. "ఎదురుగా కూర్చున్నాననే అనుకో. ఇంటున్నాను."