నా డిస్కు కోసం ఆగిన కంప్యూటర్

ఎన్నో ఏళ్లుగా మూఢనమ్మకాల మీద నిప్పులు చెరుగుతున్నాను. ప్రతి ఉపన్యాసం కిందా ఒక అబద్ధాన్ని అదిమిపెట్టే మాట్లాడాను. ఇవాళ మీకు చెప్పేస్తున్నాను. భయంతో కాదు, ఉత్సాహంతో.

టెక్కలిలో మా హేతువాద చర్చావేదికకు ఒక చదువుల గది ఉండేది. అందులో ఒక లైనక్స్ కంప్యూటర్. దాన్ని చూసుకునేది సువార్త, నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసేవాళ్ల అమ్మాయి. ఈ పనికి వేదిక ఇచ్చే చిన్న జీతంతోనే డిగ్రీ చదువుతోంది. ఉన్నట్టుండి కంప్యూటర్ తెరుచుకోవడానికి చాలాసేపు పట్టడం మొదలైంది. ఆ కాసేపూ ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేది. నాకు ఒళ్లు మండేది.

సమావేశంలో అందరి ముందూ ఆమె అంది:

"మాస్టారూ, మీరు డిస్కు తగిలించి పట్టుకెళ్లిపోయిన కాడి నుంచే ఇది ఇలాగ సేత్తంది. ఓపాలి సూడండి."

"ఒకదాని ఎనక ఒకటి జరిగితే మొదటిదే కారణమైపోద్దేటమ్మా? ఇదేటి, మీ పాస్టరుగారి తర్కమా?"

నేనలా అనగానే గది గొల్లుమంది. ఆమె చెప్పింది నమ్మకం కాదు, పరిశీలన. ఆ తేడా నాకు తెలియదా? ప్రార్థించే మనిషి నోటి నుంచి వచ్చింది కాబట్టి, పరిశీలన కూడా నాకు మూఢత్వంలాగే వినిపించింది. లోపం ఆమెదని తేలితే పని మానిపిద్దామంది వేదిక కమిటీ. తేల్చే పని నాది.

మర్నాడు, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు ఏ పనికి ఎంతసేపు పడుతోందో చూపే కమాండ్ ఇచ్చాను. దొరికిపోయింది! నా డిస్కే. ప్రతిసారీ దాన్ని కలుపుకోమని సెట్టింగుల్లో నేనే ఒక లైను రాసి, డిస్కు ఇంటికి పట్టుకుపోయి, ఆ లైను తీసేయడం మరిచాను. లేని డిస్కు కోసం కంప్యూటర్ రోజూ ఎదురుచూసి, విసిగి, అప్పుడు లేచేది. ఎంత అందమైన కారణం! లైను తుడిచేశాను. మీట నొక్కీ నొక్కగానే లేచి కూర్చుంది. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను.

కమిటీవాళ్లు వచ్చి ఏమైందన్నారు. ఆ అమ్మాయి చేసిన గందరగోళం సరిచేశానన్నాను.

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందని తెలిసే అన్నాను. అందరూ నవ్వాక నేను ఓడిపోకూడదు, అంతే. ఆ సాయంత్రమే ఆమెను మానిపించారు. చదువూ ఆగింది. పలాసలో జీడిపిక్కలు ఒలుస్తోందని విన్నాను. వెళ్లలేదు. క్షమించమనడం ఆమె మీద ఇంకో బరువు పెట్టడమేనని వాదించుకున్నాను. తర్కం వేషం కట్టిన పిరికితనం అది.

సువార్త చెప్పింది నిజం. తప్పు నాది. ఈ రెండు వాక్యాలూ రాసి పైకి చదివాను. మళ్లీ చదివాను. ఏ వేదిక మీదా నా గొంతు ఇంత గట్టిగా పలకలేదు.