ఎర్ర కాగితం చుక్క

"గీ అడవిల నీ చుక్కను ఎవలు చూస్తరే?" అన్నాడు మా ఆయన.

"యేసయ్య చూడడా?"

"ఆయనకు సుల్తానాబాద్ చర్చి మీది చుక్క కనవడ్తది తియ్యి. గా ఒక్కటి సాలు."

"గట్లయితే ఆయనకు సుల్తానాబాద్ల ఉన్నోళ్ళే సాలు. మనమెందుకిగ, సచ్చిపోదాం పా."

"పండుగ పూట గేం మాటలే! చుక్క లోపట దీపం పెడ్తనంటున్నవ్. పక్కన తునికాకు బస్తాలున్నయ్. జర రవ్వ పడ్డదనుకో, మున్షీ నన్ను గా బూడిదలనే బొంద పెడ్తడు."

"మంచిగనే అయితది. బొంద తవ్వించే ఖర్చు తప్పుతది."

"నీ అసొంటి దాన్ని యాడ సూడలే!"

"అయితే సూడకు. ఇగ నీతోని మాట్లాడ. నువ్వు మొదలు పిలిస్తెనే నేను పలుకుడు."

"నేను గూడ గంతే."

ఆ రోజుల్లో మాట మానేయడమంటే నిజంగానే మానేయడం. ఇప్పటి పిల్లల్లా అలిగి వేరే గదిలోకి పోయి ఫోన్‌లో ఇంకొకరితో గంటలు మాట్లాడుకునే సుఖం మాకు లేదు. మాకున్నది ఒక్కటే గది, పైన గడ్డి కప్పు, లోపల ఆయన, నేను, ఒక ఎర్ర కోడి. పెళ్ళయి ఏడాది తిరగలేదు. మాది సుల్తానాబాద్ దగ్గరి పల్లె. మిషన్ బడిలో మూడో తరగతి చదివాక, ఇంట్లో తమ్ముళ్ళను ఎత్తుకునేవాళ్ళు లేరని నన్ను మానిపించారు. మా ఆయనకు ఖానాపూర్ అవతల అడవి అంచున ఒక తునికాకు గోదాములో కావలి పని దొరికింది. బీడీలు చుట్టే ఆ ఆకును ఎండాకాలంలో తెంపి, ఆరబెట్టి, బస్తాల్లో కుక్కి పెడతారు. వ్యాపారి లారీ పంపేదాకా వాటికి ఒక మనిషి కాపలా ఉండాలి. ఆ మనిషి మా ఆయన, ఆ మనిషికి కాపలా నేను. అది మా మొదటి క్రిస్మస్. మా ఊళ్ళో అయితే చర్చి ముందు పొడుగాటి వెదురుకు చుక్క ఎక్కించేవాళ్ళు, పాటల జట్టు ఇంటింటికీ వచ్చేది, మా అవ్వ తీపి గరిజెలు చేసి డబ్బాకు తాళం వేసేది (నా పొదుపు ఎక్కడిదో మీకు తెలిసింది కదా). ఈ పల్లెలో కిరస్తానం వాళ్ళం మేమిద్దరమే. (కోడిని కలపలేదు. దాన్ని పండుగ కూర కోసం పెంచుతున్నాం.) ఊరికి పోతామని సెలవు అడిగితే, గోదాము లెక్కలు చూసే మున్షీ ముక్కులోకి పొడుం ఎక్కించుకుంటూ, "మరి గోదాము ఎవలు చూడాలె? మీ యేసయ్య చూస్తడా?" అన్నాడట. అందుకే నాకు పంతం వచ్చింది. మేము ఇంటికి పోలేకపోతే ఇంటి పండుగనే ఇక్కడికి తెస్తానని.

చుక్కకు కాగితం కావాలి. ఖానాపూర్ అంగడిలో తెల్ల కాగితం ధర అడిగాను, పసుపుపచ్చ కాగితం ధర అడిగాను, రెండు ధరలూ విని చెవులు మూసుకున్నాను. దుకాణం మూలకు ఒక ఎర్ర కాగితం చుట్ట దుమ్ముకొట్టుకుని పడి ఉంది. "గదెంత?" అన్నాను. దుకాణం ఆయన అటూ ఇటూ చూసి, "గది ఊకెనే తీస్కపో చెల్లె. ఎవలు కొంటలేరు" అన్నాడు. ఎందుకు కొనడం లేదని నేను అడగాల్సింది. అడగలేదు. ఊరికే ఇచ్చేవాణ్ణి ప్రశ్నలు వేస్తే మనసు మార్చుకుంటాడు (ఈ నియమాన్ని నేటికీ పాటిస్తున్నాను). నిజానికి అడవిలో అన్నలు తిరుగుతున్న కాలం అది. ఎర్ర చుక్క వాళ్ళ గుర్తు. తునికాకు కూలి పెంచాలని వ్యాపారులను హెచ్చరించడానికి గోదాము గోడల మీద వేసిపోయేవాళ్ళు. ఆ గుర్తు కనబడిన చోటికి మరునాడు పోలీసు జీపులు వచ్చేవి. ఆ దిక్కున జనం ఎర్ర తువ్వాలను కూడా దండెం మీద ఆరవేయడం మానుకున్నారు. ఇదేదీ నాకు తెలియదని కాదు. మా ఊళ్ళోనూ వినేదాన్నే. అయినా ఆ సంగతికీ నా చేతిలోని కాగితానికీ సంబంధం ఉంటుందని తోచలేదు. నేను చుక్కనూ చూశాను, ధరనూ చూశాను. రంగును చూడలేదు. అయినా కాగితం మంచిదే అని ఇప్పటికీ అంటాను. గట్టిగా ఉండేది, వానకు కూడా చిరిగేది కాదు.

మాట మానేశాం గాని ఇంట్లో పనులు ఆగవు కదా. అందుకని కోడితో చెప్పించుకునేవాళ్ళం. "ఓ కోడీ, మీ అయ్యకు చెప్పు, నీళ్ళు కాగినయని" అనేదాన్ని. ఆయన గోడ దిక్కు తిరిగి, "కోడీ, మీ అవ్వకు చెప్పు, నాకు సల్లనీళ్ళే మంచిగుంటయని" అనేవాడు. అడవి చలిలో బావి నీళ్ళు పోసుకుని, పళ్ళు టకటకలాడుతుంటే తుండు చుట్టుకుని వచ్చేవాడు. నేను ఆ వేడినీళ్ళను పారబోయలేక గిన్నెలు కడుక్కునేదాన్ని. కోడి మా ఇద్దరి నడుమ నిలబడి ఒకసారి ఆయన్ని, ఒకసారి నన్ను చూసేది. దానికి అంత పని ఎన్నడూ పడలేదు. ఆఖరికి చుక్క వద్దన్న మనిషే నేను వెదురు బద్దలు కడుతుంటే చూడలేక, "కోడీ, మీ అవ్వకు చెప్పు, గట్ల కడితే గాలికి ఊడుతయని" అంటూ నా చేతిలోంచి లాక్కుని తానే కట్టాడు. బస్తాలకు దూరంగా మా గుడిసె పక్కన గుంట తీసి, గోదాము కప్పుకంటే ఎత్తుగా లేచేంత పొడుగు వెదురు పాతాడు. దీపం ఆరకుండా నూనె ఎంత పోయాలో, గాలికి ఎక్కడ సందు వదలాలో అన్నీ కోడికి విడమరిచి చెప్పాడు.

పండుగ ముందు రోజు నేనూ గరిజెలు చేసి డబ్బాలో పెట్టాను. సాయంత్రం పొద్దు గూకగానే దీపం పెట్టి చుక్కను పైకి లాగాం. ఎర్రగా వెలిగింది. అడవంతా చూసేటట్టు వెలిగింది. ఆయన తల పైకెత్తి చాలాసేపు చూసి, "కోడీ, మీ అవ్వకు చెప్పు, మంచిగనే ఉన్నదని" అన్నాడు. ఆ మాటకు నా పంతం కరిగింది. కోడిని పక్కనబెట్టి ఆయనతోనే మాట్లాడుదామని నోరు తెరిచాను. అంతలో మున్షీ సైకిల్ వచ్చింది. రోజూ ఆ వేళకు గోదాము తాళం చూసిపోయేవాడు. దూరం నుంచే చుక్కను చూసి సైకిల్ ఆపాడు. చేతిలోని పొడుం డబ్బీ కింద పడింది. దాన్ని తీసుకోకుండానే సైకిల్ తిప్పాడు. పాపం, మొహమాటపడి పోతున్నాడనుకున్నాను. "ఓ మున్షీ సాబ్! గరిజెలు తినిపోండ్రి!" అని అరిచాను. ఆయన ఇంకా గట్టిగా తొక్కాడు. తర్వాత పల్లెలో తలుపులు ఒకదాని వెనక ఒకటి మూసుకోవడం వినిపించింది. మా ఊళ్ళో పండుగ ముందు సాయంత్రం తలుపులు తెరుచుకునేవి. ఇక్కడేంటి ఇలా మూసుకుంటున్నాయని మా ఆయన దిక్కు చూశాను. ఆయన చుక్క దిక్కు చూస్తున్నాడు. రంగు ఆయనకు అప్పుడు కనబడింది. చుక్కను దించుదామని తాడు పట్టుకునేలోగానే, దారిలో గస్తీ తిరుగుతూ మున్షీకి ఎదురైన పోలీసు జీపు వచ్చి నిలబడింది.

"ఎవడ్రా గిది కట్టింది?" అన్నాడు జీపు దిగిన పెద్ద సారు.

"నేనే సారు" అన్నాడు మా ఆయన. (నా పేరు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.)

"ఎవడు కట్టమన్నడు?"

"యేసయ్య పుట్టిండని కట్టుకున్నం సారూ" అన్నాను నేను ముందుకు వచ్చి.

పక్కన సన్నపు జవాను ఒకడు కాగితం తీశాడు. "యేసయ్య. ఏ ఊరు?"

"బేత్లెహేము."

"గది ఏ తాలూకల వస్తది?"

ఈ మాట చెబితే మా ఇంట్లో అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఆనాడు నాకు నవ్వు రాలేదు. ఇంకో జవాను చేతిలోని తుపాకి నా దిక్కే తిరిగి ఉంది.

"కిరస్తానపోళ్ళయితే ఒక పాట పాడురా" అన్నాడు పెద్ద సారు మా ఆయనతో.

ఇక్కడ మా ఆయన సంగతి ఒకటి చెప్పాలి. ఆయనకు పాట రాదు. చర్చిలో అందరూ పాడుతుంటే పెదవులు మాత్రమే ఆడించే మనిషి. పెళ్ళిచూపులకు ముందు ఆదివారం నేను పక్క వరుస బెంచీలోంచి చూసి, ఎంత భక్తిగా పాడుతున్నాడో అని మోసపోయాను. ఆ సాయంత్రం కూడా పెదవులు ఆడించాడు. శబ్దం రాలేదు. పెద్ద సారు చెయ్యి లేచింది. ఎడమ చెంపా, చెవీ కలిపి ఒకటే దెబ్బ. తడిబట్టను బండకేసి కొట్టినట్టు చప్పుడు వచ్చింది. మా ఆయన పడలేదు గాని, తల ఒక పక్కకు వంచి అలాగే నిలబడిపోయాడు. నేను పాట మొదలుపెట్టాను. ఎవరూ నన్ను అడగలేదు. ఒక్క చరణం కూడా వదలకుండా ఆఖరి దాకా పాడాను. ఆ పల్లెలో క్రిస్మస్ పాట వినబడటం బహుశా అదే మొదలు. విన్నవాళ్ళు జీపులోవాళ్ళూ, మూసిన తలుపుల వెనకవాళ్ళూ.

పాట అయిపోయాక పెద్ద సారు వెదురు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. తర్వాత, "పాటలు గా అడవిలోళ్ళు గూడ పాడుతరు. పాటలల్ల ఆళ్ళను మించినోళ్ళు లేరు. ఎక్కియ్యుండ్రి వీణ్ణి" అన్నాడు. మా ఆయన్ని జీపులో ఎక్కించారు. వెదురు పడగొట్టి చుక్కనూ ఎక్కించారు. సన్నపు జవాను గుడిసెలోకి పోయి కోడిని కూడా చంకలో పెట్టుకుని వచ్చాడు.

"కోడెందుకు సారూ?" అన్నాను.

"నీకెందుకు?" అన్నాడు.

సాక్ష్యానికేమో. మా ఇద్దరి మాటలూ విన్నది అదొక్కటే కదా. జీపు కదులుతుంటే ఆయన నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. ఇద్దరం ఏమీ అనలేదు. మధ్యవర్తి జవాను చంకలో ఉంది.

ఆ రాత్రి సంగతి రాయను. గరిజెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చున్నాను. రాయడానికి అంతకు మించి లేదు. ఠాణాకు పోయినవాళ్ళు అందరూ తిరిగి వచ్చే కాలం కాదని మాత్రం చెబుతాను.

మొన్న నా మనవరాలు పుణె నుంచి ఫోన్ చేసింది. అక్కడ దవాఖానలో నర్సు పని. ఈసారి పండుగకు సెలవు ఇవ్వలేదట. "అమ్మమ్మా, నా రూమ్ కిటికీకి చుక్క కడుతున్న. ఎర్రది తక్కువకే వస్తుంది, తీసుకోవాల్నా?" అంది. "వద్దు బిడ్డా, తెల్లది తీస్కో. ఎక్కువయితే నేనిస్త" అన్నాను. ఫోన్ పెట్టేసింది. కాసేపటికి వాళ్ళమ్మకు ఫోన్ చేసి, "అమ్మమ్మ పానం మంచిగనే ఉన్నదా?" అని అడిగిందట. నేను పైసలు ఇస్తాననడం దాని పుట్టుకలో మొదలు మరి. పిల్ల అంత దూరంలో ఒక్కతే కిటికీకి చుక్క కట్టుకుంటోందని తలుచుకుంటే, గరిజెల డబ్బాతో గడపలో కూర్చున్న ఆ పొగరుబోతు పిల్ల గుర్తుకు వచ్చింది. మొగుణ్ణి జీపులో తీసుకుపోయినా, తిరిగి వస్తే మొదట మాట్లాడాల్సింది ఆయనేనని అనుకుంటూ కూర్చున్న పిల్ల. ఇప్పుడైతే దాని నెత్తిన ఒకటి మొట్టి, నవ్వి, పక్కన కూర్చునేదాన్ని.

మరునాడు పొద్దున, క్రిస్మస్ రోజు, ఆయన నడిచి వచ్చాడు. పొద్దున డ్యూటీకి వచ్చిన ముసలి జవాను ఒకడు చుక్కను చూసి, "మా గల్లీల కిరస్తానపోళ్ళు గూడ గిట్లనే కడ్తరు గదా" అన్నాడట. దాంతో వదిలేశారు. ఆయన ఎడమ చెంప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. కాగితం చింపేసిన వెదురు చట్రాన్ని మాత్రం చంకలో పెట్టుకుని తెచ్చాడు. బద్దలు పారేస్తే నేను ఒప్పుకోనని ఆయనకు తెలుసు. కోడి రాలేదు. వచ్చి గడపలో కూర్చున్నాడు. నేను పోయి ఎడమ పక్కన నిలబడ్డాను. చెప్పించడానికి కోడి లేదు. ఇక నేనే మాట్లాడాను.

"చాయ్ పెట్టాల్నా?"

ఆయన రోడ్డు దిక్కు చూస్తున్నాడు. పలకలేదు.

"నిన్నే. చాయ్ పెట్టాల్నా?"

పలకలేదు. "గింతైనంక గూడ గింత పంతమా నీకు? మొదలు నేనే పిలిచిన గదా, పలుకవేందయ్యా!" అని అరిచాను. ఆయన కదలలేదు. నా నీడ మీద పడిందేమో, మెల్లగా మొహమంతా నా దిక్కు తిప్పి నా నోటి దిక్కు చూశాడు.

"ఏమన్నవే? గీ దిక్కు ఇనవడ్తలేదు" అన్నాడు.

నేను కుడి పక్కకు పోయి కూర్చున్నాను. మళ్ళీ అడిగాను.

"పెట్టు" అన్నాడు. పెట్టాను.