పొన్నంగి పిట్టకు మిగిలిన సాక్షి

నా పేరు గంగులమ్మ. డెబ్బై దాటాయి. పుంగనూరు అవతల అడవి అంచున ఇల్లు, అందులో నేనొక్కదాన్నే. పిట్టలు చూడటానికి మదనపల్లె నుంచి వచ్చే రిటైరు సారు మొన్న సోమవారం చనిపోయాడు. బస్సు కండక్టరు చెబితే నాకు గురువారం తెలిసింది. చదివేవాళ్ళు ఆయన గురించీ, వాగు పక్కన ఉన్న పొద గురించీ నా మాట వినాలి.

మొదటిసారి కలిసినప్పుడే నేనూ సారూ కొట్లాడుకున్నాం. పొద కింద ఎండాకు ఊడ్చి దిబ్బలో వేసుకోవడం నాకు అలవాటు.

"ఆ ఆకు ఊడిస్తే పిట్ట ముందు కంచం లాగేసినట్టేనమ్మా," అన్నాడు. దాని తిండి పురుగులన్నీ ఆకు కిందే ఉంటాయట.

"నా చేనికి ఎరువు నీ పిట్ట ఏస్తాదా?" అన్నాను. అయినా ఆ జాగా వదిలేశాను.

ఒకరోజు నీలంగా, రెక్కలో తెల్లమచ్చతో ఏదో వాగు దాటింది. ఆయన నోటుబుక్కులో లకుముకి అని రాసుకున్నాడు.

"ఏం సారూ, లకుముకి నేలమింద ఎగురుకుంటా ఆకులు తిప్పుతాదా? ఇది మొండితోకది. నీలం రెక్కలోనే, ఈపు ఆకుపచ్చ, తోక కింద ఎరుపు, కంటికి దొంగ మాదిరి నల్లగుడ్డ. సరిగ్గా సూడు."

మరునాడు తెల్లారేసరికి పొద ముందు బోర్లా పడుకుని చూశాడు. లేచి, మట్టి దులుపుకోకుండానే రాసింది కొట్టేశాడు.

"పొన్నంగి పిట్ట, గంగులమ్మా! తప్పు రాసి దాచుకుంటే దానికి అన్యాయం."

చలికి ముందు ఉత్తరం నుంచి వస్తుందనీ, ఎండలు ముదిరితే వెళ్తుందనీ, కుప్పం వైపు ఆరుగంటల పిట్ట అంటారనీ ఆయనే చెప్పాడు. నిజమే. పొద్దున ఆరుకూ సాయంత్రం ఆరుకూ రెండు ముక్కల ఈల వేస్తుంది.

ఇప్పుడు ఆ పొద కొట్టి, వాగు చూడవచ్చేవాళ్ళు కూర్చోవడానికి అడవి ఆఫీసువాళ్ళు బెంచీలు వేస్తారట. నిన్న కొలతకు వచ్చినాయన నన్ను చూసి నవ్వాడు.

"ఆ పిట్ట ఈడ ఉండాదని యా పుస్తకంలో ఉండాది అవ్వా?"

"రాసిన సారు సచ్చిపోయినాడు. సూసినదాన్ని నేను బతికే ఉండాను. ఈ ఏడు అదింకా రాలేదు. నీకు సదువుండాది గదా, అదో, ఆ సెట్టు మింద ఇప్పుడు కూసింది యా పిట్టో సెప్పు."

తలెత్తి చెట్టంతా వెతికాడు. టేపు చుట్టుకుంటూ, "రాయించియ్యి, పైన సూపిస్తా," అన్నాడు. అందుకే రాయిస్తున్నాను. ఆ పొద కొట్టొద్దు.

ఏటా మొదటి కూత వినగానే సారుకు మిస్డ్ కాల్ ఇచ్చేదాన్ని. ఫోనులో ఒకటి నొక్కి పట్టుకుంటే ఆయనకు పోయేటట్టు ఆయనే పెట్టాడు. తర్వాతి బస్సుకు దిగేవాడు.

ఈ పొద్దున పిట్ట వచ్చింది. తెలిసీ నొక్కాను. మోగి మోగి ఆగిపోయింది. పొద కింద ఆకు ఒకటి తిరగబడింది. ఇదో, సూడు అనడానికి పక్కన ఎవరూ లేరు.

రాసింది చదివించుకుని విన్నాను. ఇది నా ఎడమ బొటనవేలి ముద్ర.

నాతోపాటు విన్నవాళ్ళు: దర్జీ మౌలా, పాలు పోసే సరోజమ్మ.