పదకొండు మందితో టెస్ట్ డ్రైవ్

2022 ఎండాకాలం. కరీంనగర్ బైపాస్ మీద నేను షెడ్డు పెట్టి అప్పటికి పన్నెండేళ్లు. టర్బో ఉన్న కార్లకు ట్యూనింగ్ చేస్తాను. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే చిన్న ఫ్యాన్ లాంటిది. ఎంత గాలికి ఎంత డీజిల్ పోయాలో బండిలోని కంప్యూటర్ చూసుకుంటుంది. ఆ లెక్కను మార్చడాన్ని రీమ్యాప్ అంటాం. దాంతో పవర్ పెరుగుతుంది, ఎక్కడో ఒకచోట బండి ఆయుష్షు తగ్గుతుంది. ఎంతవరకు పెంచి ఎక్కడ ఆపాలన్నదే మా విద్య. అది నాకు బాగా వచ్చనుకునేవాణ్ని.

బోథ్ నుంచి విఠల్ వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి. ఏడు సీట్ల డీజిల్ బండి మీద నిర్మల్‌కూ బోథ్‌కూ మధ్య ప్యాసింజర్లను తిప్పుతాడు.

"సత్తన్నా, ఘాట్ ఎక్కేటప్పుడు బండి ఏడుస్తుంది. జర గుంజేటట్టు చెయ్యి. మా బిడ్డ సంగీతకు ఎనిమిదో నెల. తొలి కాన్పుకు మా ఇంటికే వచ్చింది. నొప్పులొస్తే ఆదిలాబాద్ దవాఖానకు ఉరకాలె. గప్పుడు గీ బండి ఏడ్చుకుంట పోతే నా పానం ఆగుతదా?"

"కొంచెం పెంచుత విఠలన్నా. ఎక్కువ పెంచితే క్లచ్ మీద పడుతది" అన్నాను. ఇంజన్ బలాన్ని చక్రాలకు అందించేది క్లచ్. దానికీ ఒక ఓపిక ఉంటుంది.

"గా కొంచెం కోసం గింత దూరం వస్తనా? చేసేదేదో పూరా చెయ్యి. కరీంనగర్‌ల నీ అంత మొనగాడు లేడని విని వచ్చిన."

మొనగాడు అన్నాక ఇంక నేను ఆగుతానా! పొగడ్తకు పడిపోయే గుణం నాకు మొదటి నుంచీ ఉంది. గట్టి మ్యాపే ఎక్కించాను. ఇద్దరం కూర్చుని బైపాస్ మీద టెస్ట్ చేశాం. బండి దూకింది. ల్యాప్‌టాప్‌లో అంకెలన్నీ పద్ధతిగా ఉన్నాయి. విఠల్ నా భుజం చరిచి, నవ్వుకుంటూ వెళ్లాడు.

రెండు వారాలకు ఫోన్ వచ్చింది.

"ఘాట్ నడిమిట్ల ఆగిపోయిందన్నా. ఇంజన్ గుర్రుమంటుంది, బండి కదుల్తలేదు. ఒకటే కాలిన వాసన."

ప్యాసింజర్లను లారీ ఎక్కించి, బండిని ట్రాక్టరుకు కట్టి ఇంటికి చేర్చుకున్నాడు. క్లచ్ కాలిపోయిందని వినగానే తెలిసిపోయింది. ఆ అమ్మాయి అందులో ఉండగా ఆగి ఉంటే? తెల్లారి కొత్త క్లచ్ సెట్టు పట్టుకుని బస్సెక్కాను.

వాళ్ల వాకిట్లోనే బండి విప్పాను. ప్లేటు నల్లగా మాడి ఉంది.

"విఠలన్నా, ఎంతమందిని ఎక్కించినవ్?"

"ఎప్పటి లెక్కనే. పదకొండు మంది. పైన రెండు బియ్యం బస్తాలు."

"పదకొండా! సీట్లు ఏడే కదనే?"

"నువ్వు అడుగలే కదన్నా. ఆఖరి బస్సు పోయినంక నిర్మల్‌ల నిలబడ్డోళ్లను దిగుమంటే యాడికి పోతరు?"

నిజమే, అడగలేదు. ఏడు సీట్ల బండిలో ఏడుగురే కూర్చుంటారని మా దిక్కున నమ్మిన మెకానిక్‌ను బహుశా నేనొక్కణ్నే. అది కూడా కాదు, నేను కూర్చోబెట్టి చూసింది ఇద్దర్ని.

క్లచ్ మార్చాక విఠల్ మళ్లీ మొదలుపెట్టాడు. "కొత్తది పడ్డది కదా, పవర్ అట్లనే ఉంచు. జల్ది పోవాలె."

అరుగు మీద కూర్చున్న సంగీత అడ్డం వచ్చింది.

"జల్ది ఎందుకు బాపూ? నేను పోయి చేరితే సాలు. అన్నా, మెల్లగ పోయినా మంచిదే, ఆగకుంట చెయ్యి" అంది.

విఠల్ తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. ఇన్నేళ్లలో నాకు ఇంత సూటిగా పని చెప్పినవాళ్లు లేరు.

ల్యాప్‌టాప్ తీసి పవర్ బాగా తగ్గించాను. కంపెనీ ఇచ్చిన దానికంటే కాస్త పైన, అంతే. తర్వాత "గల్లీల ఎవలెవలున్నరో పిలువుండ్రి" అన్నాను. పెళ్లికి పిలిచినట్టే వచ్చారు. ఒక ముసలమ్మ ముందు సీటు కోసం కొట్లాడి గెలిచింది. "టెస్టంటే టికెట్ లేదు కదా బిడ్డా?" అని రెండుసార్లు అడిగింది. ల్యాప్‌టాప్ ఆమె ఒళ్లో పెట్టాను.

పదకొండు మంది, పైన రెండు బస్తాలు. ఊరి బయటి చడావు, అంటే ఎత్తు రోడ్డు, నాలుగుసార్లు ఎక్కించాను. రెండోసారికి వేడి ఎక్కువ కనిపించి ఇంకాస్త తగ్గించాను. నాలుగోసారి బండి ఉరకలేదు గాని, ఏడవకుండా ఎక్కింది.

"గిది టెస్ట్ కోసం. నువ్వు మాత్రం ఏడుగురినే ఎక్కించు" అన్నాను. విఠల్ తల ఊపాడు. ఆ ఊపుడు నేను నమ్మలేదు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"సత్తన్నా, దవాఖాన నుంచి మాట్లాడుతున్న. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నరు. దారిల మూడు బండ్లు మమ్ముల దాటిపోయినయ్. ఎక్సలేటర్ తొక్కుమని నా కాలు గుంజింది గని, ఊకున్న" అంటూ ఏడ్చేశాడు. షెడ్డులో అందరి ముందే నా కళ్లు కూడా తడిశాయి.

ఇప్పటికీ వచ్చిన ప్రతివాడూ పవర్ ఎంత పెరుగుతుందనే అడుగుతాడు. చెబుతాను. అంతకుముందు నేను రెండు అడుగుతాను. బండిల ఎంతమంది కూర్చుంటరు? ఏ రోజు గిది అస్సలు ఆగొద్దు? రెండోదానికి కొందరు నవ్వుతారు. కొందరు కాసేపు ఆలోచించి, "అయితే కొంచెమే పెంచన్నా" అంటారు.