మంచులోకి చూపిన వేలు

కేబుల్ రాని యారాడలో మా ఇంటికి ఇవాళ గాలిలోంచి ఇంటర్నెట్ వచ్చింది.

డాబా మీద బిగించిన చిన్న డిష్ దూరాన ఉన్న టవర్‌కి సూటిగా ఉండాలట. తీరా చూస్తే పొగమంచుకి కొండలే కనబడలేదు. రేపట్నుంచి ఇంట్లోంచే పనిచేస్తానని ఆఫీసులో చెప్పేశాను. డిష్ బిగించిన టెక్నీషియనేమో టవర్ ఎటుందో తెలియక సామాను సర్దేస్తున్నాడు.

పక్క డాబా మీద వల బాగుచేసుకుంటున్న అప్పలరాజు లేచి మంచులోకి వేలు చూపించాడు. "అటు తిప్పండి. వేట నుంచి వొచ్చినప్పుడల్లా ఆ టవరు ఎర్రలైటు సూసే ఒడ్డుకొత్తాం."

తిప్పగానే సిగ్నల్ అందింది.

"ఏటీ కనబడ్నేదు కదా, ఎలా సెప్పీసావ్ బావా?" అన్నాను.

"కనబడకపోతే లేనట్టేటి?"

కొత్త ఇంటర్నెట్‌ని ఈ పోస్టుకే వాడాను. సాయంత్రమంతా ఆ వేలు చూపిన వైపే చూస్తూ కూర్చున్నాను. మంచు విడిపోయింది, ఎర్రలైటు అక్కడే ఉంది.

మీ డాబా ఎక్కితే, కనబడకపోయినా అక్కడే ఉందని మీరు వేలు చూపించగలిగేది ఏది?